నోరీన్ వెతికిన ఆదివారం

నోరీన్ రేబౌల్డ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంగ్లండులోని ఓల్డ్‌హిల్‌లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అయినా కాలవ గట్టుకి ఆనుకుని ఉన్న ఆవిడ షెడ్డు ముందు ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పాత యాంప్లిఫయర్ని జబ్బుపడ్డ బిడ్డలా రెండు చేతులా పొదివి పట్టుకుని నిలబడే ఉండేవారు. అందరూ గిటారు పిచ్చివాళ్ళే. కుర్రతనంలో విన్న ఏదో ఒక మోత వాళ్ళ చెవుల్లో గూడు కట్టుకుని ఉంటుంది. ఆ మోత మళ్ళీ కావాలి. దానికి ఇప్పటి తేలికపాటి పెట్టెలు పనికిరావు. పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులు లోపల నిప్పుకణికల్లా వెలుగుతూ, ఎత్తినవాడి నడుం పట్టేసేంత బరువుండే పెట్టెలే కావాలి. నోరీన్ వాటి వెనక రేకు విప్పి, ఒకసారి వాసన చూసి, ఏది మాడిందో చెప్పేది. చెప్పేముందు తిట్టేది.

“దీంట్లో వేలు పెట్టిన మహానుభావుడెవరు? తమరేనా?” అని అడిగేది. ఎదటివాడు తల వంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎవరొచ్చినా ఆవిడ మొదట చెప్పే మాట ఒకటే. ముందు కరెంటు సరిగ్గా రావాలి. ఎక్కువా రాకూడదు, తక్కువా రాకూడదు, ఊగకూడదు. అందుకని షెడ్డులో తన చేత్తో చుట్టిన స్టెబిలైజర్ ఒకటి పెట్టుకుంది. ఏ పెట్టెనైనా దానికి తగిలించాకే పరీక్ష చేసేది. ఒకసారి స్టోక్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, కావాలనే కరెంటు తగ్గించి ఇస్తే మోత బాగుంటుందని అమెరికాలో ఎవరో కనిపెట్టారట అని నోరు జారాడు. నోరీన్ అతన్ని కాలవ దాకా సాగనంపింది. వాల్వుల కడుపు మాడ్చి వాటిచేత పాడించుకోవడం కంటే పాపం ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం. ఆ పెద్దమనిషి మాట ఆవిడ అప్పుడే వినుంటే ఈ కథ ఇంత పొడుగయ్యేది కాదు.

ఊరివాళ్ళ పిచ్చి అలా ఉంచితే, నోరీన్‌కి సొంత పిచ్చి ఒకటి ఉంది. అది తెలిసినవాడు ఆవిడ మొగుడు డెన్ ఒక్కడే.

బడి వదలగానే నోరీన్ ఊళ్ళోని వైండింగ్ షాపులో చేరింది. ఇనప రేకుల దొంతర చుట్టూ రాగి తీగ చుట్టి ట్రాన్స్‌ఫార్మర్లు చేసే చోటది. బెంచీ పొడుగునా ఆడవాళ్ళే. నోటితో ఊళ్ళో వాళ్ళందరి బతుకులూ ఏకి పెడుతూనే చేత్తో ఒక్క చుట్టు తప్పకుండా చుట్టేవారు. తాము చుట్టినవి ఏ యంత్రంలో కూర్చుంటాయో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు. నోరీన్ చివరి చుట్టు అయ్యాక నీలం దారంతో చిన్న ముడి వేసేది. మేస్త్రీ వద్దన్నాడు. వద్దన్న కొద్దీ వేసింది.

ఇక ఆదివారం సంగతి. ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కార్మికుల క్లబ్బు పూర్తిగా మగవాళ్ళది. పొద్దున ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వెళ్ళి, బీరు తాగి, మాంసం గెలుచుకునే లాటరీలో నంబరు తగలక బూతులు తిట్టుకుని, రెండింటికి ఇంటికొచ్చేవారు. ఆడవాళ్ళు ఆ రెండు గంటలూ మాంసం ఓవెన్‌లో పెట్టి, దుంపలు చెక్కు తీసుకుంటూ కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయమని అడిగితే కమిటీ రూలు అనేవారు. ఆ ఊళ్ళో కమిటీ అంటే దేవుడికి ఒక్క మెట్టు కింద. ఆ వేళ ఆడమనిషి క్లబ్బులో ఉండాలంటే ఒక్కటే చోటు, వంటగది. అక్కడ నోరీన్ పిన్ని విన్నీ ఉడికిన బఠాణీలూ పంది మాంసమూ వడ్డించి, పక్క గదిలో చుక్కల బిళ్ళలతో డామినోలు ఆడుకునే ముసలాళ్ళకి టీ కాచేది. పిన్నికి మోకాళ్ళ నొప్పులు ముదిరాక సాయానికి నోరీన్‌ని రమ్మంది.

వంటగదికీ వేదిక ఉన్న హాలుకీ మధ్య గోడలో వడ్డింపు కిటికీ ఉండేది, చెక్క తలుపుతో. నోరీన్ వెళ్ళిన మొదటి వారమే ఒక కుర్రాడు ఆ కిటికీ తలుపు కింది సందులోంచి పొడుగాటి కరెంటు తీగ లోపలికి తోశాడు. వేదిక మీద ఉన్న ఒక్క ప్లగ్గూ మైకుకే సరిపోతోందట, అతని యాంప్లిఫయర్‌కి వంటగదిలోంచి కరెంటు కావాలట. తీగ కొస పట్టుకున్న చెయ్యి కనిపించింది గాని మనిషి కనబడలేదు. పిన్ని సణుగుతూంటే నోరీన్ ఆ ప్లగ్గు తీసి గోడకి పెట్టింది. ఆ చెయ్యే డెన్ రేబౌల్డ్. సాయంత్రాలు అయితే ఆడవాళ్ళూ పిల్లలూ ఉంటారు, మీ గోల భరించలేరు అని కమిటీ డెన్ వాళ్ళ బ్యాండుకి ఆదివారం మధ్యాహ్నాలే ఇచ్చింది.

మొదటి పాట వాయించారు. గోల అంటే నిజంగా గోలే. మేకులు ఒలికిపోయినట్టుంది. నోరీన్ పట్టించుకోకుండా నీళ్ళు పట్టి, టీ బాయిలర్ స్విచ్చి వేసి, పళ్ళేలు వెచ్చబెట్టే కరెంటు అల్మారా కూడా వేసింది. బల్బు పసుప్పచ్చగా మాడు మొహం పెట్టింది. పిన్ని ఎప్పటిలాగే ఆ బల్బునీ, క్లబ్బునీ, తన తలరాతనీ కలిపి తిట్టింది. కాసేపటికి బఠాణీల గిన్నె ఇవ్వడానికి నోరీన్ కిటికీ తలుపు పైకెత్తింది.

అప్పుడు వినబడింది. అంతకుముందు విన్న గోలకీ దీనికీ సంబంధమే లేదు. అతను తీగ మీటితే ఆ ధ్వని ముందు ఒక్క క్షణం కుంగి, ఎవరో కింద నుంచి చెయ్యి వేసి ఎత్తినట్టు నెమ్మదిగా లేచి, హాలంతా నిండి, బరువుగా తియ్యగా నిలబడిపోయింది. గరుకు పోలేదు. కానీ గరుకులోంచే మనిషి గొంతు లాంటిదేదో పుట్టుకొచ్చింది. ఆ మోతకి నోరీన్ చేతిలోని గిన్నె సన్నగా అదిరింది.  బల్ల దగ్గర పేకాడుతున్న బొగ్గుగని వాళ్ళు కూడా తలలెత్తారు. ఈ లోకంలో ఇలాంటిది ఒకటుందని ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదేమిటి అని ఆ పిల్లకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గిటారు మీద నుంచి డెన్ తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆ చూపు సంగతి మనం తర్వాత మాట్లాడుకుందాం.

పెళ్ళయింది. కూతురు పుట్టింది. ఇంట్లో చోటు లేక, రాత్రి పగలు షిఫ్టులతో తీరిక లేక డెన్ యాంప్లిఫయర్ అమ్మేశాడు. గిటారు మాత్రం అటక మీద దాచాడు. క్రాడ్లీలోని ఫోర్జింగ్ కార్ఖానాలో ఎర్రగా కాలిన ఇనుము మీద పెద్ద సుత్తులు పడుతుంటే వాటి పక్కన నిలబడే పని అతనిది. ఊరంతా డెన్‌కి ఆ గిటారు వల్లే చెవులు పోతున్నాయని అనుకుంటుంది. అబద్ధం. చెవులు తిన్నది సుత్తులు. మా ఊళ్ళో సుత్తుల్ని ఎవరూ తిట్టరు, అవి అన్నం పెట్టాయి కదా.

వైండింగ్ షాపు మూతపడ్డాక నోరీన్ షెడ్డు తెరిచింది. ఇంటికొచ్చిన ప్రతి పాత పెట్టెనీ బాగుచేసి, పంపేముందు డెన్‌ని పిలిచి గిటారు చేతికిచ్చేది. ఆ మోత వస్తుందేమోనని. వాళ్ళిద్దరి భాషలో ఆ మోత పేరు ఆదివారం. డెన్ నాలుగు దెబ్బలు మీటి, తల అటూ ఇటూ వంచి, ఇది మంగళవారం అనేవాడు. ఇంకోటి గురువారం దాకా వచ్చింది అనేవాడు. ఒకటి రెండుసార్లు శనివారం సాయంత్రం అన్నాడు, ఆ రోజు నోరీన్‌కి అన్నం సయించలేదు. బ్లాక్‌బర్న్‌లో ఒకప్పుడు చేసిన వాల్వుల కోసం మూసేసిన సినిమా హాళ్ళు గాలించింది. ఆనాటి కాగితపు స్పీకర్ల కోసం చర్చిల అటకలెక్కింది. ఆదివారం రాలేదు.

చివరికి వుల్వర్‌హాంప్టన్ నుంచి ఎవరో మరమ్మతుకి తెచ్చిన ఒక నూరు వాట్ల పెట్టె విప్పితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ మీద నీలం దారం ముడి కనిపించింది. నోరీన్ ఆ ముడిని వేలితో తడిమి చూసింది. తన చేతి ముడి. పెట్టె పక్కన డెన్ చెక్కుకున్న తన పేరు మొదటి అక్షరం, దాని మీద సిగరెట్టు కాలిన మచ్చ. అంటే డెన్ వాయించిన ఆ పెట్టె గుండెకాయ తను చుట్టినదే. అప్పుడు ఆ వంటగదిలో నిలబడి విన్నది తన చేతి పనే. తెచ్చినవాడు ఎంత మొత్తుకున్నా ఆ పెట్టె గుమ్మం దాటి వెళ్ళలేదు. బదులుగా వాడు కోరిన పెట్టె చేసిచ్చింది.

అదే పెట్టె, అదే గిటారు, అదే మనిషి. ఆ సాయంత్రం స్టెబిలైజర్‌కి తగిలించి, పక్కన నిలబడింది. డెన్ మీటాడు. 

“శనివారం,” అన్నాడు మెల్లిగా, తప్పు చేసినవాడిలా.

అప్పటికే డెన్‌కి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో యంత్రం పెట్టుకుంటే లావుపాటి శబ్దాలు కొంచెం అందేవి. మరి ఆదివారం అవునో కాదో ఎలా చెప్తున్నావయ్యా అంటే వేళ్ళు చూపించేవాడు. తీగ మీటగానే ఆ ధ్వని వేలి కింద కొంచెం దిగిపోవాలట, పరుపు మీద చెయ్యి వేసినట్టు. దిగి మళ్ళీ లేవాలట. ఇప్పుడు బండరాయి మీద వేసినట్టుందట. నోరీన్‌కి అది అర్థమయ్యేది కాదు. కరెంటు నిలకడగా ఉంది, వాల్వులు ఆరోగ్యంగా ఉన్నాయి, ఇంక దిగేదేమిటి?

బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో కుడి చెవికి ఆపరేషన్ అన్నారు. చెవి లోపల ఒక పరికరం పెడతారు, దాంతో మాటలు వినిపిస్తాయి. మనవరాలు ఏం చెప్తోందో తెలుస్తుంది. డాక్టరమ్మ మంచి మనిషి, దాచకుండా చెప్పింది. ఆ చెవిలో దేవుడిచ్చిన వినికిడి ఎంత మిగిలిందో అది కూడా ఆపరేషన్‌తో పోతుందనే అనుకోండి, పరికరం వినిపించేది వేరే రకం, సంగీతం సంగతి మేం మాట ఇవ్వలేం. డెన్ అన్నిటికీ తలూపి సంతకం పెట్టాడు. బస్‌స్టాపులో నిలబడ్డాక నోరీన్ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఒక్కసారి ఆదివారం వినిపించవే పిల్లా. ఆ తర్వాత వాళ్ళిష్టం, కోసుకోమను.”

పెళ్ళైన నాటి నుంచీ అతను ఆమెని ఏమీ కోరలేదు. నోరీన్ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊళ్ళో అందరి పెట్టెలూ బాగుచేశాను, ఈ మనిషికి మాత్రం శనివారం దాటించలేకపోయాను అని తనని తానే తిట్టుకుంది.

ఆపరేషన్ ముందు వారమంతా షెడ్డులోనే ఉంది. వాల్వులు మార్చింది, మళ్ళీ పాతవే పెట్టింది, స్పీకర్లు తిప్పింది. డెన్ పాపం పిలిచినప్పుడల్లా వచ్చాడు. శుక్రవారం అన్నాడు, గురువారానికి పడిపోయింది అన్నాడు. ఆఖరికి నోరీన్‌కి ఇక మిగిలింది ఆ గది ఒక్కటే అనిపించింది. ఆ హాలు గోడలు, ఆ చెక్క నేల, ఆ ఎత్తు. క్లిఫ్ ట్రోమన్స్‌ని అడిగింది. క్లిఫ్ ఆనాటి బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడు, ఇప్పుడు క్లబ్బు సెక్రటరీ. ఆదివారం పన్నెండింటికి హాలు మీదే, జనం కూడా ఇదివరకట్లా లేరు, డామినో ముసలాళ్ళు తప్ప అన్నాడు. అని, ఇప్పుడు నువ్వు కూడా దర్జాగా హాల్లో కూర్చోవచ్చులే అని నవ్వాడు. రెండేళ్ళ కిందటే క్లబ్బు ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇచ్చింది. కమిటీకి దేవుడు ఎప్పుడు బుద్ధి చెప్పాడో తెలియదు.

ఆ ఆదివారం నోరీన్ మంచి కోటు వేసుకుంది. పెట్టెనీ స్పీకర్లనీ క్లిఫ్ వ్యానులో దింపారు. వేదిక మీద ఇప్పుడు కొత్త ప్లగ్గులు వరసగా ఉన్నాయి. తన స్టెబిలైజర్ అక్కడ పెట్టి, ముల్లు సరిగ్గా గీత మీద నిలిచేదాకా సర్ది, పెట్టె తగిలించింది. వాల్వులు ఎర్రబడ్డాక దిగి వచ్చి, వేదిక ఎదురుగా మొదటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ చోట కూర్చోవడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

డెన్ చెవి యంత్రం సర్దుకుని మీటాడు. హాలు అదిరింది. మేకులు ఒలికినట్టే ఉంది. ఇంకో రాగం ఎత్తుకున్నాడు, గుండీలు తిప్పాడు, పెట్టెకి దగ్గరగా జరిగి అరచెయ్యి ఆనించి చూశాడు. నోరీన్ అతని మొహం చూస్తూ కూర్చుంది. అడగాల్సిన పని లేకపోయింది. అతను గిటారు మీద చెయ్యి వేసి శబ్దం ఆపేసి, వేదిక అంచున కూర్చున్నాడు.

“పోనీలే,” అన్నాడు. “చాలా దూరం వచ్చాం.”

 అతను పెదవులు చూసి తెలుసుకునేలా నోరీన్ విడదీసి చెప్పింది, నా చేతగానితనం అని. డెన్ తల అడ్డంగా ఊపి, ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు.

“నవ్వకూడదు మరి. ఆ మోత నా వల్లగానీ పెట్టె వల్లగానీ వచ్చిందని నేనెప్పుడూ అనుకోలేదే. మొదటి పాటకి ఎప్పుడూ వచ్చేది కాదు. నువ్వు ఆ కిటికీ ఎత్తి నుంచుంటావు చూడు, అప్పుడొచ్చేది. నువ్వు టీ పళ్ళెం పట్టుకుని ముసలాళ్ళ గదిలోకి వెళ్ళిపోతే పోయేది. ఎన్ని వారాలు చూశాననుకున్నావ్. అందుకే కదా నిన్ను చేసుకుంది.”

ఇంకెప్పుడైనా అయితే నోరీన్ తిట్టేది. వాల్వులకి ప్రేమలూ పెళ్ళిళ్ళూ తెలియవయ్యా అనేది. ఆవేళ లేచి వేదిక దగ్గరికి వెళ్ళింది. డెన్ పట్టు పట్టాడు. అప్పట్లాగే చేద్దాం, తీగ కిటికీ కిందనించి తోద్దాం, నువ్వు లోపలికెళ్ళు, ఆ డబ్బా మాత్రం వద్దు అని స్టెబిలైజర్ని కాలితో పక్కకి నెట్టాడు. వంటగది వైరింగు ఇప్పటికీ పిన్ని కాలంనాటిదే, చూస్తేనే సిగ్గేస్తుంది, ఆ కరెంటు పెట్టెకి పెట్టడం అన్యాయం అని నోరీన్ అడ్డం చెప్పబోయి ఆగిపోయింది. ఇంక పోయేదేముంది.

తీగ కొస పట్టుకుని డెన్ చెయ్యి కిటికీ కింది సందులోంచి లోపలికి వచ్చింది. ముడతలు పడి, ఇనప రవ్వలు కాల్చిన మచ్చలతో ఉంది. ఆమె ప్లగ్గు తీసుకుని గోడకి పెట్టింది. అవతల డెన్ మొదలుపెట్టాడు. అదే గరుకు, అదే గోల. నోరీన్ చీకటి వంటగదిలో కోటు చేతులు పైకి మడుచుకుని, ఏం చెయ్యాలో తోచక నిలబడింది. డామినో గది తలుపులోంచి క్లిఫ్ తల పెట్టి, ఎలాగూ లోపలే ఉన్నావు గదా, ఆ ముసలాళ్ళకి కాస్త టీ పడెయ్ అని అడిగి వెళ్ళాడు.

సరే, చేతికి పని దొరికింది. ఆ బాయిలర్ కూడా మారలేదు, రాణిగారి పట్టాభిషేకం నాటిదేమో. నీళ్ళు పట్టి స్విచ్చి వేసింది. చలిగా ఉందని పళ్ళేల అల్మారా కూడా వేసింది. పాత అలవాటున చెయ్యి దానంతటదే పోయింది. బల్బు పచ్చబడింది. ఈ క్లబ్బు బాగుపడదు అని పిన్ని గొంతుతో గొణుక్కుని, వెళ్ళి కిటికీ తలుపు ఎత్తింది.

ఆదివారం వచ్చింది.

నెమ్మదిగా కుంగి, కింద నుంచి ఎవరో ఎత్తినట్టు లేచి, హాలంతా నిండి, పంతొమ్మిదేళ్ళ పిల్లని నిలబెట్టేసిన ఆ మోత మళ్ళీ ఆమె మొహానికి వచ్చి తగిలింది. ఒక్క పిసరు మారలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడికో పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఈ గోడ పక్కన కూర్చుని ఉంది. నోరీన్ కిటికీ చెక్క పట్టుకుంది. డెన్ కళ్ళు మూసుకున్నాడు. అతని ఎడమచెయ్యి తీగ మీద ఒక చోట ఆగి, వేలి కింద అది దిగి లేవడాన్ని ఊరికే పట్టుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. సుత్తులూ, షిఫ్టులూ, ఆసుపత్రీ ఏవీ ఆ మొహం మీద లేవు.

నోరీన్ తలెత్తి పచ్చటి బల్బు చూసింది. బాయిలర్ని చూసింది. ప్లగ్గు చూసింది. మూడూ ఒకే పాత తీగ మీద ఉన్నాయి.  బాయిలర్ కరెంటు పీల్చేస్తే పెట్టెకి అందేది తగ్గిపోతోంది. వాల్వులు నీరసించి, ప్రతి దెబ్బకీ కుంగి లేస్తున్నాయి. వేలికి పరుపులా తగిలేది అదే. లో వోల్టేజీ. తను జీవితమంతా పెట్టెల్లోంచి తరిమికొట్టినది అదే. ఎంత బాగా బాగుచేస్తే అంత బాగా చంపేసింది. స్టోక్ పెద్దమనిషి గుర్తొచ్చి ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో బాయిలర్ గుర్రు పెట్టింది. మరగబోతోంది. బాగా మరిగితే టక్కుమని తనంతట తనే ఆరిపోతుంది, నోరీన్‌కి తెలుసు. ఆరిందా, కరెంటు తిరిగొస్తుంది, ఆదివారం పోతుంది. తను టీ పళ్ళెం పట్టుకుని వెళ్ళగానే పోయేదని డెన్ అన్నది కూడా ఇదే. నీళ్ళు మరిగితేనే కదా టీ అయ్యేది, పళ్ళెం కదిలేది.

ఆమె కొళాయి తిప్పింది. ఒక చేత్తో బాయిలర్ లోంచి వేడినీళ్ళు సింకులోకి వదిలేస్తూ, ఇంకో చేత్తో జగ్గు నిండా చన్నీళ్ళు పట్టి పైనుంచి పోసింది. గుర్రు తగ్గింది. మోత నిలిచింది. మళ్ళీ గుర్రుమంటే మళ్ళీ పోసింది. ఆవిరికి మొహం తడిసింది, మంచి కోటు తడిసింది, వేళ్ళు చురుక్కుమన్నాయి. డెన్ వాయిస్తూనే ఉన్నాడు. తెలిసినవన్నీ వాయించాడు. తర్వాత తెలియనివి వాయించాడు. డామినో ముసలాళ్ళు టీ సంగతి మరిచిపోయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన తలమీద టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.  నోరీన్ జగ్గు పట్టుకుని కిటికీకీ సింకుకీ మధ్య తిరుగుతూ, ఇంకొంచెం, ఇంకొంచెం అని ఎవర్ని అడుగుతోందో తెలియకుండా అడుగుతూనే ఉంది.

డెన్‌కి చాలు అనిపించేదాకా వాయించాడు. చివరి తీగ మీటి, అది కుంగి లేచి, సన్నగిల్లి, పూర్తిగా అణిగేదాకా చెయ్యి తియ్యలేదు. ఆ తర్వాత గిటారు దించి కిటికీ దగ్గరికి వచ్చాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

“చెప్పానా, కిటికీయేనని.”

నోరీన్ పెట్టెల విషయంలో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అతని కుడి చెవి దగ్గరికి వంగి, జరిగినదంతా గట్టిగా, విడమరిచి చెప్పింది. కిటికీ కాదయ్యా మొగుడా, బాయిలర్. అదీ పెట్టె ఒకే తీగ మీద ఉన్నాయి, అది వేస్తే దీనికి కరెంటు చాలదు, ఆ చాలకపోవడమే ఆదివారం. ఇన్నేళ్ళూ నా స్టెబిలైజర్‌తో నేనే దాన్ని పారదోలాను, నా అంత మూర్ఖురాలు ఇంకెవరూ ఉండరు అని. డెన్ ఆమె పెదవులు చూస్తూ అంతా విన్నాడు. బాయిలర్ వైపు చూశాడు, సింకు వైపు చూశాడు, నీళ్ళోడుతున్న ఆమె కోటు చేతులు చూశాడు.

“అయితే అప్పుడు ఆ బాయిలర్ ఎవరు వేసేవాళ్ళే?”

“నేనే.”

“మరి నేను చెప్పిందేమిటి?” అన్నాడు డెన్.

 చూస్తుండగానే వెనక బాయిలర్ టక్కుమని ఆరిపోయింది, బల్బు తెల్లగా వెలిగింది. క్లిఫ్ గుమ్మంలోంచి టీ ఏమైందని అడిగాడు. వస్తోంది అని చెప్పి, ఆవిడ కప్పులు వరసగా పేర్చడం మొదలుపెట్టింది.